అమీర్‌పేటలో కూర్చుని ఎర్రలోయలకు దారి చెప్పిన రోజులు

సెలవులకు ఎక్కడికైనా బయల్దేరే ముందు మీరంతా ఫోను తీసి ఒక ప్రశ్న అడుగుతారు. పిల్లలతో వెళ్లవచ్చా? క్షణంలో జవాబు వస్తుంది. నిక్షేపంగా వెళ్లవచ్చు, దారి సులువు, కుటుంబమంతటికీ అనువైనది అని. ఆ జవాబు ఎవరు రాశారో, ఎక్కడ కూర్చుని రాశారో మీరెప్పుడూ ఆలోచించి ఉండరు. నేను చెబుతాను. రిటైరయ్యే ముందు చివరి కొన్నేళ్లు నేను చేసిన పని అదే. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో కూర్చుని, అమెరికాలోని ఎర్రరాతి లోయల్లో పిల్లల్ని ఏ దారిన నడిపించాలో అమెరికా వాళ్లకు చెప్పాం.

నవ్వకండి. మొదటి వారం నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

మా భవనానికి లిఫ్టు ఉండేది, దాని తలుపు మీద పనిచేయదన్న కాగితం ఉండేది. ఆ కాగితం పాతబడితే కొత్తది అంటించేవారు గానీ లిఫ్టు బాగుచేయించేవారు కాదు. కింది అంతస్తులో జావా పాఠాలు మైకులో చెప్పేవారు. లోయ అంచున సూర్యోదయం గురించి వాక్యం దిద్దుకుంటూ ఉంటే, కాళ్ల కిందనుంచి “ఎర్రర్ ఎక్కడొచ్చింది? చెప్పండి, ఎర్రర్ ఎక్కడొచ్చింది?” అని వినపడేది. చాలాసార్లు అది నన్నే అడుగుతున్నట్టు ఉండేది.

అంతకుముందు నేను ఒక ప్రైవేటు బళ్లో ఇంగ్లీషు చెప్పాను. బడి మూతపడింది. ఇంగ్లీషు దిద్దేవాళ్లు కావాలంటే ఇక్కడికొచ్చాను. పిల్లలున్న కుటుంబాలకు విహారాలు సూచించే ఒక అమెరికా వెబ్‌సైటుకు మా ఆఫీసు పేజీలు రాసిచ్చేది. అందులో ఎర్రరాయి ప్రాంతం మా వాటా. నెవాడా, యూటా, ఆరిజోనా వైపు కొండలన్నీ ఇటుక రంగులో ఉంటాయి. లక్షల ఏళ్లుగా నీళ్లు కోసుకుపోయి వాటి మధ్య లోతైన లోయలు ఏర్పడ్డాయి. ఆ లోయల్లోకి దిగే కాలిబాటలు బోలెడు. మాలో ఎవ్వరూ ఆ దేశం మొహం చూసినవాళ్లు కారు. సగంమందికి పాస్‌పోర్టే లేదు.

ఒక్కో బాటకు ఒక్కో పేజీ. అక్కడి పటాలు, నడిచినవాళ్లు పెట్టిన ఫోటోలు, వాళ్లు రాసిన వ్యాఖ్యలు చూసి గళ్లు నింపాలి. దూరమెంత, నీడ ఉందా, ఎవరు నడవగలరు. పైన రెండు పేరాల వర్ణన. అంతే పని. అంతే అనుకున్నాం.

మా టీమ్ లీడర్ ముప్పై దాటిన మనిషి, ఎర్రగడ్డలో పుట్టి పెరిగినవాడు. చురుకైనవాడు. కుర్చీలో కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు మాటలని ఊరుకునేదాన్ని. అతనికి తెలిసిన మంత్రం ఒక్కటే, ఈజీ.

“మేడం, హార్డ్ అని రాస్తే ఎవడు నొక్కుతడు? ఈజీ అని పెట్టుండ్రి. ఫ్యామిలీలు గదే చూస్తయి.”

“రాళ్లు పట్టుకుని దిగాలని ఉంది కదా బాబూ. ఇక్కడ ఒకావిడ మోకాలు చీరుకుపోయిందని రాసింది.”

“ఒక్కామెనే గద మేడం. మిగిలినోళ్లందరు మస్తుందన్నరు.”

నా పక్క సీటులో ఒక అమ్మాయి ఉండేది. కరీంనగర్ దగ్గరి ఊరినుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, అసలు ఉద్యోగం దొరికేదాకా అని ఇందులో చేరింది. ఏ బాట గురించి రాసినా కింద ఉన్న వ్యాఖ్యలన్నీ చివరిదాకా చదివేది. అందుకని ఆమె పేజీలు ఆలస్యమయ్యేవి. అందుకని రోజూ తిట్లు తినేది.

మేం నింపే పేజీ నమూనాలో దూరానికి ఒకటే గడి ఉండేది. కొన్ని పటాల్లో వెళ్లే దూరం మాత్రమే ఇస్తారు, కొన్నింటిలో రానూపోనూ కలిపి ఇస్తారు. ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది.

“అన్నా, గీడ వెళ్లేది మాత్రమే ఉంది. డబుల్ చేసి రాయాల్నా?”

“గడి ఎన్నున్నయి? ఒకటే గద. ఉన్నది రాయి. నంబర్ చిన్నగుంటెనే మంచిది.”

ఆమె ఉన్నదే రాసింది. ఆ పూట నేను ‘ఊపిరి బిగబట్టే అందం’ అన్న మాట మీద యుద్ధం చేస్తున్నాను. ప్రతి పేజీలోనూ అదే. పేజీకోసారి ఊపిరి బిగబడితే ఆ కుటుంబాలు ఇంటికెలా చేరతాయని అడిగాను. ఎవరూ నవ్వలేదు. ఆ మాట తీసేస్తే దాని బదులు ఏం పెట్టాలని అడిగారు. ఏమీ పెట్టకండి అన్నాను. ఖాళీగా ఉంటుందన్నారు. ఇలాంటి చర్చలతోనే మా నెలలు గడిచిపోయేవి.

ఒక సోమవారం పొద్దున ఆ మెయిల్ వచ్చింది. రాసింది అమెరికాలో ఎవరో తండ్రి. కోపంగా రాసి ఉంటే బాగుండేది. చాలా మర్యాదగా రాశాడు. మా పేజీ చూసి భార్య, ఇద్దరు పిల్లలతో ఒక లోయలోకి వెళ్లాడట. దూరం మైలు లోపు, సులువు, చిన్నపిల్లలకు భేషుగ్గా ఉంటుంది అని ఉంది కాబట్టి తలో చిన్న నీళ్లసీసా పట్టుకెళ్లారు. దిగేటప్పుడు పిల్లలు పరుగులు తీశారు. అడుగుకు చేరాక తెలిసింది, మేం రాసిన దూరం అక్కడితో అయిపోయిందని. వచ్చినంతా మళ్లీ నడవాలి, అదీ ఎక్కుడు దారిలో. మధ్యాహ్నపు ఎండకు రెండువైపులా రాయి సెగలు కక్కుతోంది. చిన్నది ముందు ఏడ్చింది. కాసేపటికి ఏడవడం మానేసింది. అప్పుడు మాకు భయం వేసింది, అని రాశాడు. వెనక వస్తున్న ఎవరో నీళ్లిచ్చారు. అక్కడి సిబ్బంది దిగివచ్చి పాపను ఎత్తుకుపోయారు. ఆసుపత్రిలో ఉంచి పంపారు, ఇప్పుడు బాగానే ఉంది. ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను, అని ముగించాడు.

దాని కింద ఆ వెబ్‌సైటు కంపెనీ వాళ్లు ఒకే వాక్యం చేర్చి మాకు పంపారు. దయచేసి వివరించండి. వారం గడువిచ్చారు.

టీమ్ లీడర్ అరగంటలో జవాబు తయారుచేసి ఇంగ్లీషు సరిచూడమని నాకిచ్చాడు. మా ప్రమాణాల ప్రకారం ఈ బాట సులువైనదేననీ, చాలినన్ని నీళ్లు తీసుకెళ్లడం సందర్శకుల బాధ్యత అనీ దాని సారాంశం.

“ఇంగ్లీషులో తప్పు లేదు బాబూ. మిగతాదంతా తప్పే.”

“ఏంది మేడం తప్పు? మైలు సుత లేదు. మా బిడ్డకు ఐదేండ్లు. గంత దూరం ఉరుకుతది. వాళ్లే పిల్లలను కార్లల్ల తిప్పి తిప్పి ఖరాబ్ చేసిన్రు. దానికి మనమేం చేస్తం?”

“మీ అమ్మాయి ఎప్పుడైనా అంత దూరం నడిచిందా?”

“నడుస్తది.”

“నడిచిందా అని అడిగాను.”

అతని మొహం ఎర్రబడింది. “మీకు డౌటుంటే ఆదివారం తీసుకొస్త. మీ కండ్లతోనే చూడుండ్రి.”

నా పక్క సీటు అమ్మాయి ఫోనులో మ్యాప్ తెరిచి చూసింది. “మన మెట్రో స్టేషన్ కాడికెల్లి పంజాగుట్ట చౌరస్తా దాక అంతే దూరం ఉందన్నా.”

“అయిపాయె. పంజాగుట్ట దాక పోదం. అది కూడా నడక అంటరా ఎవరన్న?”

ఈ వయసులో ఆదివారం పూట ఎండలో ఎందుకు నడవాలి అని నేను నన్ను అడిగి ఉండాల్సింది. అడగలేదు. నా మాటే నెగ్గాలన్న పంతం పట్టుకుంది.

ఏప్రిల్ నెల. నేనూ పక్క సీటు అమ్మాయీ ఎదురుచూస్తుంటే, అమీర్‌పేట స్టేషన్ పక్క సందులో అతని కారు ఆగింది. ముందు పాప దిగింది, గులాబీరంగు చెప్పులు వేసుకుని. ఆ వెనకే అతని తల్లి దిగింది, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పెద్ద స్టీలు నీళ్లసీసా. ఆవిడ వస్తుందని మాకెవరికీ తెలియదు. కొడుకు మొహం చూస్తే అతనికీ నచ్చలేదని తెలిసింది.

“మేడమంటే మీరేనా అక్కా?” అంది నన్ను చూసి. “జర మీరన్న చెప్పుండ్రి గీనికి. పోరిని ఎండల నడిపిస్తడట. అడిగితే ఆఫీసు పనంటడు. గిసొంటి ఆఫీసు ఏడన్న ఉంటదా?”

“అమ్మా, నువ్వు కార్ల కూసో.”

“కూసోను. నేను సుత వస్త.”

గొడుగు వద్దన్నాడు. ఆ లోయకెళ్లిన వాళ్లకు గొడుగు లేదు. స్టీలు సీసా కూడా కార్లోనే పెట్టించాడు. ఆ తండ్రి రాసినట్టే తలో చిన్న సీసా. పోటీకి దిగాక మనిషి నియమాలు తప్పడు, అంతమాత్రం నేను ఒప్పుకోవాలి.

వెళ్లేటప్పుడు ఆ పిల్ల నడవలేదు, ఎగిరింది. ఫుట్‌పాత్ మీద రాళ్లు ఊడిపోయిన చోటల్లా గెంతింది. అడ్డంగా పెట్టిన బైకుల మధ్యనుంచి దూరిపోయింది. చీరల దుకాణం అద్దం ముందు ఆగి “నానమ్మా, గా బొమ్మలకు ఉక్కపోస్తలేదా?” అని అడిగింది. చెరుకురసం బండి గంట మోగితే చప్పట్లు కొట్టింది. మెట్రో లైను నీడంతా రోడ్డు మధ్యన పడుతోంది, మా మీద ఒక్క చార కూడా లేదు. నాకు ఆయాసం వస్తోంది. అతను ముందుకు నడుస్తూ, వెనక్కి తిరిగి ఫోనులో వీడియో తీస్తూ, “చూస్తున్నరా మేడం? చూస్తున్నరా?” అంటున్నాడు. చూస్తున్నాను. చిరాకు నెత్తికెక్కింది. ఒక పసిపిల్ల కాస్త అలసిపోతే బాగుండునని ఎదురుచూడటం ఎంత దిక్కుమాలిన పరిస్థితో మీరే ఆలోచించండి.

పంజాగుట్ట ఫ్లైఓవర్ నీడలోకి చేరాం. అతను చేతులు దులుపుకున్నాడు.

“ఖతం. ప్రూవ్ అయిందా, లేదా?”

పాప నవ్వుతోంది. సీసాలు దాదాపు ఖాళీ. అతను వెళ్తున్న ఆటోకు చెయ్యెత్తాడు.

“అన్నా,” అంది ఆ అమ్మాయి మెల్లగా, “గా లోయలకు ఆటో రాదు గద.”

“ఏంది?”

“మన కారు అమీర్‌పేటల ఉంది. వాళ్ల కారు సుత పైననే ఉండె.”

ఆటో అతను ఆగి మా మొహాలు చూశాడు. టీమ్ లీడర్ చెయ్యి దించాడు. ఏదో లెక్క కళ్ల ముందు తిరిగినట్టు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. అయినా పంతం ఊరుకోదు కదా.

“సరే, నడుద్దం. వచ్చినంత దూరమే గద.”

వచ్చినంత దూరం కాదది. చీరల బొమ్మల్ని పాప చూసేసింది. రాళ్లు గెంతేసింది. చెరుకురసం బండి దాటేసింది. వెళ్లేటప్పుడు దారి నిండా వింతలు, వచ్చేటప్పుడు దారి నిండా దారే. కాస్త నడిచిందో లేదో “ఇంటికి పోదం డాడీ” అంది. ఇంటికే పోతున్నాం అన్నాడు. ఇంకాస్త నడిచి ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్కన నేలమీద కూర్చుంది. ఎత్తుకోమంది. ఎత్తుకున్నాడు. తర్వాత భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. మళ్లీ దించాడు. దించగానే ఏడుపు. దారినపోయేవాళ్లు ఆగి ఏమైందని అడుగుతున్నారు. నీళ్లు లేవు. ఇవి చాలవన్నట్టు కనిపించిన ప్రతి ఆటో మా పక్కన నెమ్మదించి “రండన్నా, ఏడికి?” అంటోంది.

“ఎక్కురా!” అని అతని తల్లి అరిచింది. “నీకేమన్న దిమాకుందా? పిల్లతోని పంతమేందిరా?”

“జర ఆగమ్మా. జరసేపు.”

ఆమె మోకాళ్లు పట్టుకుని నడుస్తోంది. నేను ఆ అమ్మాయి భుజం పట్టుకుని నడుస్తున్నాను. అప్పటికి ఎవరు ఏం రుజువు చేయాలనుకున్నామో నాకు గుర్తులేదు.

ఇంతలో పాప ఏడుపు ఆగింది.

ముందు మాకు హాయిగా అనిపించింది. నాలుగడుగులు వేశాక టీమ్ లీడర్ ఆగిపోయాడు. భుజం మీద తల వాల్చి ఉన్న పాపను పిలిచాడు. పలకలేదు. బుగ్గలు కందిపోయి ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడటం లేదు. ఐస్‌క్రీం తింటావా అని అడిగాడు. దానికీ పలకలేదు. అతను నా వైపు చూశాడు. ఆ చూపును నేను ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ రాయలేను.

నానమ్మ పిల్లను లాక్కుంది. పక్కనే ఒక బట్టల దుకాణం మెట్ల మీద వాచ్‌మన్ తన కుర్చీ ఇచ్చి లోపలికి పరిగెత్తి నీళ్లు తెచ్చాడు. ఆవిడ కొంగు తడిపి పాప తల మీద వేసి, మొహం తుడిచి, గుక్కగుక్కగా తాగించింది. కాసేపటికి పాప మూతి ముడిచి “గీ నీళ్లు మంచిగ లెవ్వు” అంది.

ఆ మాట వినగానే ఆవిడ ఏడ్చేసింది. తర్వాత కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆటో ఎక్కి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎండదెబ్బ మొదలవుతుండగా ఆపారు, ఇంక భయం లేదన్నారు డాక్టరు. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు టీమ్ లీడర్ అన్నాడు.

“చదును రోడ్డు మేడం గిది. ఎక్కుడు సుత లేదు. గీడ వాచ్‌మన్ ఉన్నడు, నీళ్లున్నయి, ఆటో ఉంది.” మళ్లీ అన్నాడు, “ఆ అమెరికా తండ్రి జాగల నేనుంటే కొట్లాడెటోన్ని. ఆయన మర్యాదగ రాసిండు.”

సోమవారం పాత జవాబు చెరిపేసి కొత్తది రాశాడు. దూరం ఒకవైపుది మాత్రమే, తప్పు మాదే, ఇలాంటి పేజీలు ఇంకా ఉన్నాయి, అన్నీ దిద్దుతాం అని. నాకు చూపించి, పంపేశాడు. మధ్యాహ్నం మా యజమాని వచ్చాడు. ఎప్పుడూ ఇస్త్రీ మడత చెడని తెల్లచొక్కా, భీమవరం వైపు మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, ఆ రోజు అన్నాడు.

“ఏంటండీ ఇది? తప్పు మాదేనని మన చేత్తో మనమే రాసిచ్చుకోవడమేంటి? పెద్దవారు, మీరైనా చెప్పొద్దాండీ?”

“చెప్పానండీ,” అన్నాను. “ఇంగ్లీషు బాగుంది, పంపమన్నాను.”

యజమాని టీమ్ లీడర్ వైపు తిరిగాడు. “ఎవర్నడిగి పంపావయ్యా?”

“ఎవర్ని అడుగలే సార్. నేనే పంపిన.”

మర్నాడే అమెరికా కంపెనీ నిజాయితీకి మెచ్చుకుంటూ మర్యాదగా జవాబిచ్చింది. అంతే మర్యాదగా, వారాంతంతో పని ఆపేస్తున్నామనీ, ఈ ప్రాంతం వేరేవాళ్లకు ఇస్తున్నామనీ రాసింది. ఇక పేజీలు ముట్టుకోవద్దు, హోటళ్ల పని మొదలుపెట్టండి అన్నాడు యజమాని. ఆయన వెళ్లగానే టీమ్ లీడర్ తలుపు మూశాడు.

“శుక్రవారం దాక మన పాస్‌వర్డ్ నడుస్తది. ఎన్నయితే అన్ని దిద్దుదం.”

అలా ఆ వారం ఎవరూ చెప్పని పని, ఎవరికీ అక్కర్లేని పని చేశాం. దూరం గడిలో రానూపోనూ కలిపి రాశాం. సులువు అన్న మాట పీకేశాం. కింద ఉన్న పాత వ్యాఖ్యలన్నీ చదవాల్సి వచ్చింది. ‘నీడ లేదు’, ‘తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి కూలబడ్డాడు’ అని జనం మొదటినుంచీ మొరపెట్టుకుంటూనే ఉన్నారు, మేమే వినలేదు. శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి ఒక పేజీ సేవ్ చేస్తుండగా తెర తెల్లబడి పాస్‌వర్డ్ అడిగింది. పాతది కొట్టింది. తీసుకోలేదు. మళ్లీ కొట్టింది.

“అన్నా, ఇంకా కొన్ని మిగిలినయి.”

అతను వచ్చి తనూ కొట్టి చూశాడు. బల్లను ఒక్క గుద్దు గుద్ది, టీకి పోదాం పదండి అన్నాడు.

తర్వాత అతను హోటళ్ల పనిలో పడి యజమానికి పెద్ద తలనొప్పి అయ్యాడు. పరుపు మెత్తన అని రాస్తే, మనోళ్లెవరన్న పడుకుని చూసిన్రా అని అడుగుతాడట. ఆ అమ్మాయికి అసలు ఉద్యోగం వచ్చింది. నేను రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి పేజీలు యంత్రాలే రాస్తున్నాయంటున్నారు. వాటికి ఊపిరి బిగబట్టే అందం నేర్పింది మాలాంటివాళ్లమే అయి ఉంటుంది, అందుకు నన్ను తిట్టకండి.

ఈమధ్య ఒకరోజు ఇంట్లో ఊరికే ఆ వెబ్‌సైటు తెరిచాను. మేం దిద్దలేకపోయిన పేజీలు అలాగే ఉన్నాయి. అదే చిన్న నంబరు. అదే సులువు. కొత్తగా వచ్చినవాళ్లు వాటి మీద చెయ్యే వేయలేదు. ఒళ్లు మండిపోయింది. పేజీ మార్చే హక్కు నాకిప్పుడు లేదు. కానీ చదివేవాళ్లెవరైనా కింద వ్యాఖ్య పెట్టవచ్చు. రాశాను. ఈ దూరం ఒకవైపుది మాత్రమే. తిరిగి రావడం అంతా ఎక్కుడు. చిన్నపిల్లలుంటే పొద్దున్నే వెళ్లండి, మీరనుకున్న దానికి రెట్టింపు నీళ్లు పట్టుకెళ్లండి.

పంపమంటే ఆ వెబ్‌సైటు నన్నొక ప్రశ్న అడిగింది. మీరు ఈ బాటలో నడిచారా? అవును, లేదు, రెండే గళ్లు. లేదు అని నొక్కాను. అయితే మీ వ్యాఖ్య తీసుకోలేం అంది.

బళ్లో ఎన్ని తరగతుల పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పానో. వాళ్లెవరైనా ఇది చదువుతుంటే చదవనివ్వండి. ‘అవును’ అని నొక్కి, తర్వాతి పేజీ తెరిచాను.